తేనె సీసా కాదు, మూడో ఫ్రేము చూపించండి

ఎండకి ఎదురుగా పట్టుకున్న తేనె సీసా. లోపల బంగారు రంగు, మూత అంచున జారడానికి సిద్ధంగా ఒక చుక్క. బెంగళూరులో మిద్దె తోటల్లో తేనెటీగలు పెంచుకునే మన తెలుగువాళ్ల ఫోన్లలో మార్చి నుంచి మే దాకా తిరిగేది ఈ ఫోటోనే. అందంగా ఉంటుంది, కాదనను. కానీ దాన్ని ఎంతసేపు చూసినా ఆ ఈగల పెట్టె గురించి ఒక్క ముక్క తెలియదు. లోపల రాణి ఉందా? పిల్లలకి తిండి మిగిల్చారా? వానలు పడ్డాక ఆ ఈగలు నిలుస్తాయా, ఎగిరిపోతాయా? సీసా ఇవేవీ చెప్పదు.

నేను అడిగేది ఇంకో ఫోటో. పెట్టెలో ఈగ పిల్లలు పెరిగే పిల్ల గదిలోంచి మూడో ఫ్రేమో, నాలుగో ఫ్రేమో, అంటే తేనెపట్టు కట్టిన చెక్క చట్రం పైకి తీసి, ఈగల్ని కాస్త పక్కకి జరిపి, మైనం అరల అడుగు కనబడేలా తీసినది. పక్కన తేదీ, పెట్టె నంబరు. చూడ్డానికి గొప్పగా ఉండదు. గోధుమ రంగు మూతలు, మధ్యలో కొన్ని తెరిచిన అరలు, నాలుగైదు ఈగల వీపులు. అయినా తెలిసినవాళ్లు అరనిమిషం చూస్తే ఆ కుటుంబం గత ఇరవై రోజులు ఎలా బతికిందో చెప్పేస్తారు. తేనెటీగల పెంపకంలో ఫోటో ముందు లెక్క పుస్తకం, తర్వాతే ముచ్చట. పంచుకోవాల్సింది కూడా ఆ లెక్కనే అని నా వాదన.

ఒక్క అరని దగ్గరగా చూడండి. పెట్టెల్లో పెంచే మన దేశవాళీ జాతి పుట్ట తేనెటీగ. అందులో కూలీ ఈగల అర నాలుగు మిల్లీమీటర్లకి కాస్త ఎక్కువ వెడల్పు. దాని అడుగున బియ్యపు నూకకన్నా సన్నగా, ఒకటిన్నర మిల్లీమీటరు పొడవున తెల్లటి గుడ్డు. పెట్టిన రోజు అది నిటారుగా నిలబడి ఉంటుంది. రెండో రోజు ఒరుగుతుంది. మూడో రోజు అరలో పడుకుంటుంది, ఆ తర్వాత చిట్లి పిల్లపురుగు బయటికొస్తుంది. ఆదివారం తీసిన ఫోటోలో నిలబడ్డ గుడ్డు కనబడిందంటే నిన్నో ఇవాళో రాణి అక్కడ తిరిగిందన్నమాట. ఇక ఆమెని వెతకనక్కర్లేదు. రాణిని వేళ్లతో పట్టుకుని ఫోటో దిగడం చాలామందికి సరదా. జారి కింద గడ్డిలో పడితే, రెక్కో కాలో నలిగితే, ఒక ఫోటో కోసం కుటుంబం మొత్తం తలకిందులవుతుంది. ఉందని చెప్పడానికి గుడ్డు చాలు.

గుడ్డుగా మూడు రోజులు, పిల్లపురుగుగా ఇంచుమించు అయిదు రోజులు, ఆ పైన అరకి మైనం మూత. మొత్తం పందొమ్మిది, ఇరవై రోజులకి కూలీ ఈగ మూత కొరుక్కుని బయటికొస్తుంది. పోతుటీగకి, అంటే మగ ఈగకి, ఇరవై నాలుగు రోజులు, రాణికి పదిహేను పదహారు. ఈ లెక్క నోటికి వస్తే పది రోజుల తేడాతో తీసిన రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి చదవొచ్చు. మొదటిదాంట్లో గుడ్లున్న చోట రెండోదాంట్లో మూతలుండాలి. లేకపోతే ఆ మధ్యలో పిల్లలు ఏమయ్యాయి? తిండి దొరక్క పెద్ద ఈగలే తినేసి ఉండొచ్చు, జబ్బు పడి ఉండొచ్చు. ఏదైనా ఒక్క ఫోటోతో తేలేది కాదు, వరస ఉంటేనే తేలుతుంది.

అలాగే ఒక్కో అరలో మూడు నాలుగు గుడ్లు, అవీ అడుగున కాకుండా గోడలకి అతుక్కుని ఉంటే రాణి పోయి చాలా రోజులైందని అర్థం. కూలీ ఈగలే గుడ్లు పెడుతున్నాయి. వాటి పొట్ట పొట్టిది, అర అడుగుదాకా అందదు. కొత్త రాణి కూడా మొదట్లో తడబడి ఒక అరలో రెండు పెట్టొచ్చు, కాకపోతే అవి అడుగునే ఉంటాయి. ఈ తేడా మాటల్లో రాస్తే ఎవరికీ పట్టదు, దగ్గర నుంచి తీసిన ఫోటో ఒక్కసారి చూస్తే మర్చిపోరు. కొత్తవాళ్లు కంగారు పడే ఇంకో విషయం పోతుటీగల మూత. పుట్ట తేనెటీగల్లో ఆ మూత కొంచెం మొనదేలి, సరిగ్గా నడుమ సూదితో గుచ్చినంత రంధ్రంతో ఉంటుంది. ఏదో పురుగు తొలిచేసిందనుకుని పట్టు కోసి పారేసేవాళ్లున్నారు. అది జబ్బు కాదు, ఆ జాతి కట్టుబడే అంత.

ఇక తీయడం ఎలా అన్నది. పొద్దున పది నుంచి పన్నెండు మధ్య, గాలి లేని, ఎండ ఉన్న రోజు చూసుకోండి. పిల్లలున్న చోట ఈగలు దాదాపు 35 డిగ్రీల వేడి నిలబెడతాయి. డిసెంబరు, జనవరి ఉదయాలు బెంగళూరులో బాగా చల్లగా ఉంటాయి, అప్పుడు ఫ్రేము బయట పెట్టి కోణాలు చూసుకుంటూ కూర్చుంటే పిల్లలు చల్లబడతాయి. పొగ డబ్బాలో ఎండిన కొబ్బరి పీచు వేసి ద్వారం దగ్గర రెండు మూడు సార్లు చిన్నగా వదిలి ఒక నిమిషం ఆగండి. పొగ ఎక్కువైతే పుట్ట తేనెటీగలు ఫ్రేము వదిలి మూలల్లోకి పరిగెత్తి గుత్తులుగా వేలాడతాయి. ఫోటో అటుంచి, రాణి ఏ గుత్తిలో ఉందో తెలియక మూత పెట్టడమే కష్టమవుతుంది.

మొదట చివరి ఫ్రేము తీసి పక్కన ఆనించి గుడ్డ కప్పండి. ఖాళీ దొరికాక మిగతావాటిని అటు జరిపి, కావాల్సిన ఫ్రేముని నిలువుగా పైకి లాగండి, పక్క పట్టుకి రాసుకోకూడదు. సూర్యుడు మీ భుజం వెనక ఉండాలి. ఫ్రేముని కొంచెం వాల్చి వెలుగు అరల అడుగుకి చేరే కోణం పట్టండి. ఫోన్ ఇరవై, పాతిక సెంటీమీటర్ల దూరంలో ఉంచి రెండింతల జూమ్ పెట్టి, ఒక అర లోపల తాకి ఫోకస్ చేసి, వెలుతురు ఒక మెట్టు తగ్గించండి. ఫ్లాష్ వద్దు. మైనం అంచులు మెరిసి అడుగు నల్లగా మిగులుతుంది. గ్లవుజులతో తెర మీద నొక్కితే పనిచెయ్యదు కాబట్టి ఫోన్ పక్కనుండే వాల్యూమ్ బటనుతో తీయడం అలవాటు చేసుకోండి, ఇద్దరుంటే ఇంకా మేలు.

రెండో వైపు చూడాలంటే ఫ్రేముని చపాతీ తిప్పినట్టు తిప్పకండి. ఏప్రిల్ ఎండలో కొత్త పట్టు వెన్నలా ఉంటుంది, అడ్డంగా పడుకోబెడితే పైకర్ర దగ్గర ఊడి పిల్లలతో సహా కింద పడుతుంది. పైకర్రని నిలువుగా నిలబెట్టి, తలుపు తిప్పినట్టు తిప్పి, మళ్లీ యథాస్థితికి తేవాలి. ఈగలు అడ్డుగా ఉంటే నోటితో ఊదకండి, మన ఊపిరి వాటికి కోపం తెప్పిస్తుంది. వేలి వెనక వైపుతో మెల్లగా తాకితే అవే జరుగుతాయి. ఒక్కో వైపు మూడు ఫోటోలు చాలు: మొత్తం ఫ్రేము, నడుమ భాగం దగ్గరగా, అడుగు అంచు. ఈ మూడోదాన్ని చాలామంది వదిలేస్తారు. కుటుంబం చీలి గుంపు కట్టి వెళ్లబోతున్నప్పుడు కొత్త రాణులు పెరిగే రాణి అరలు కట్టేది అక్కడే, పల్లీ కాయ వేలాడినట్టు. అదే రాణి హఠాత్తుగా పోయి తొందరలో కట్టుకున్నవైతే పట్టు ముఖం మీదే మధ్యలో ఉంటాయి. ఒక చిన్న పలక ముక్క మీద సుద్దతో పెట్టె, ఫ్రేము, వైపు రాసి ఫోటోలో పడేట్టు పెట్టండి. ఒక ఫ్రేము ఒక నిమిషం. పెట్టె మొత్తం పది నిమిషాలు. అందులో దొరకనిది ఆ రోజుకి దొరకనట్టే.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, న్యాయమైనదే. ఫోటోలు అడిగితే జనం రోజూ పెట్టె తెరవరా? తెరుస్తారు, తెరుస్తున్నారు కూడా. పుట్ట తేనెటీగలకి ఇల్లు వదలడం పెద్ద పని కాదు. చీమలు, పట్టు తినేసే మైనం పురుగు, ఎండ, ఆకలి, మనిషి చెయ్యి ఎక్కువ పడటం, వీటిలో ఏ రెండు కలిసినా ఒక మధ్యాహ్నం మొత్తం లేచిపోతాయి. అందుకే నా లెక్క ఇది: పూల కాలంలో పది రోజులకి ఒకసారి తెరవండి. వానలు మొదలయ్యాక, ముఖ్యంగా సెప్టెంబరు అక్టోబరుల్లో బెంగళూరు గట్టిగా తడిసేటప్పుడు, అనుమానం ఉంటే తప్ప తెరవకండి. ఆ రోజుల్లో ఫోటో తీయాల్సిన చోట్లు వేరే ఉన్నాయి.

మొదటిది అడుగు పలక. దాని మీద తెల్ల కాగితం ఒకటి పరిచి వారానికొకసారి బయటికి లాగండి. గోధుమ రంగు మైనం పొడి వరసలుగా ఉంటే పిల్లలు మూతలు కొరుక్కుని వస్తున్నాయి. పల్చటి, గాజు పెచ్చుల్లాంటి మైనం రేకులు పడితే పైన కొత్త పట్టు కడుతున్నాయి. నల్లటి చిన్న గింజల్లాంటి రెట్ట, దాంతోపాటు సాలెగూడులాంటి దారాలు కనిపిస్తే మైనం పురుగు దిగింది. ఆ రోజే పాత నల్ల పట్టు ఏదుందో చూసి తీసేయాలి, ఆదివారం దాకా ఆగకూడదు. చెత్త మూలల్లో పేరుకుంటే మైనం పురుగుకి అదే పుట్టిల్లు, కాబట్టి కాగితం ఫోటో తీశాక పలక గీరి శుభ్రం చేయడం కూడా మరవద్దు. రెండోది ద్వారం. కాళ్లకి పుప్పొడి ముద్దలు కట్టుకుని ఈగలు వస్తుంటే లోపల పిల్లలున్నాయన్న ఆశ పెట్టుకోవచ్చు. పూర్తిగా ఆగిపోతే తెరవడానికి అదొక కారణం.

స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టమని అందరూ చెబుతారు. ఊళ్లో పొలం గట్టున సరే, ఇక్కడ మిద్దె మీద ఆ నీళ్లలో దోమలు పెరుగుతాయి, పక్కింటివాళ్లతో మాట పడాల్సి వస్తుంది. తాగబోయి ఈగలూ మునుగుతాయి. కాళ్లకి చుట్టూ గ్రీసు పట్టీ వేసి, దుమ్ము పట్టినప్పుడల్లా తుడిచి మళ్లీ రాయడం నయం. తాగే నీళ్లకి గులకరాళ్లు వేసిన వెడల్పాటి పళ్లెం విడిగా పెట్టి, నీళ్లు రోజూ మార్చండి.

అన్నిటికన్నా ముందు ఏ ఈగ ఏదో తెలియాలి. కొమ్మకి అరచేయంత పట్టు ఒక్కటే కడితే జుంటీగ, కన్నడలో కోలుజేను. అపార్టుమెంటు ఆరో అంతస్తు స్లాబుకి చేటంతో అంతకన్నా పెద్దదో పట్టు ఒక్కటే బయటికి వేలాడితే కొండ తేనెటీగ, హెజ్జేను. గోడ బొరియలోంచి మైనం గొట్టం పొడుచుకొచ్చి, దోమంత నల్ల ఈగలు తిరుగుతుంటే కుట్టని జాతి, ముజంటి. చెట్టు తొర్రలో, మీటరు డబ్బాలో, పాత కుండలో వరసగా చాలా పట్లు కట్టేది మన పుట్ట తేనెటీగ, ఇక్కడివాళ్ల తుడువె. పెట్టెలో పెంచుకోవడానికి మొదట చేతికి తీసుకోవాల్సింది దీన్నే అని నా అభిప్రాయం. హెజ్జేను పెట్టెలో ఉండదు, పెంచుదామని ప్రయత్నించడం ప్రమాదం.

బాల్కనీకి వేలాడే హెజ్జేను పట్టు ఫోటో అపార్టుమెంటు గ్రూపులో పడగానే మందు కొట్టించమనే కేకలు మొదలవుతాయి. ఆ ఫోటో కింద జాతి పేరు, ‘ఇవి వలస జాతి అండీ, పూలు అయిపోగానే కొన్ని నెలల్లో వాటంతట అవే వెళ్తాయి, అటువైపు రాత్రిపూట లైటు వెయ్యకండి, రాయి విసరకండి’ అని నాలుగు మాటలు రాస్తే వేల ఈగలు బతుకుతాయి. మన చిన్నపిల్లలు తిరిగే దారి మీదనే ఉంటే మాట వేరు, అప్పుడు తెలిసినవాళ్లని పిలిచి రాత్రి తీయించాలి. తేనెతుట్టె కదపడం అన్న మాట ఊరికే పుట్టలేదు.

పుట్ట తేనెటీగకి తగిన పెట్టె కూడా తెలియక తప్పుతారు. రెండు పట్ల మధ్య ఈగ తిరిగే సందు పుట్ట తేనెటీగకి 7 నుంచి 9 మిల్లీమీటర్లు. విదేశీ జాతి ఇటాలియన్ ఈగకి ఇంకా కొంచెం ఎక్కువ. ఆన్‌లైనులో దొరికే పెద్ద పది ఫ్రేముల పెట్టె ఇటాలియన్ ఈగది. అందులో మన ఈగని దింపితే సందులు నింపుతూ అడ్డదిడ్డంగా పట్లు కడుతుంది, అంత ఖాళీని వేడిగా ఉంచలేక నీరసిస్తుంది. మన దగ్గర భారతీయ ప్రమాణాల్లో ‘A’ టైపు ఫ్రేము లోపలి కొలత 210 × 145 మిల్లీమీటర్లు, ‘B’ టైపుది 230 × 165. ఒకదాని ఫ్రేము ఇంకోదాంట్లో సరిగ్గా కూర్చోదు. ‘A’ టైపు కొలతకి చాలా దగ్గరగా ఉండే చిన్న పెట్టె తిరుచిరాపల్లిలో ఫాదర్ న్యూటన్ గత శతాబ్దం మొదట్లో చేసింది, దక్షిణాదిలో ఇప్పటికీ న్యూటన్ పెట్టె అంటే తెలుస్తుంది. కాబట్టి పెట్టె కొనబోయేముందు అమ్మేవాళ్లని స్కేలు పెట్టి ఫ్రేము ఫోటో పంపమనండి. బెంగళూరు జీకేవీకే ఆవరణలోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో తేనెటీగల మీద పనిచేసే విభాగం ఉంది. ఒకసారి వెళ్లి పెట్టె చేత్తో పట్టుకుని చూడటం పది వీడియోలకన్నా మేలు.

ఇప్పుడు అసలు మాట. ఎవరూ చూపించని ఫోటోలే అందరికీ కావాల్సినవి. 1991, 92 ప్రాంతంలో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ జబ్బు కేరళ, కర్ణాటక, తమిళనాడుల్లో పుట్ట తేనెటీగల పెట్టెల్ని ఊడ్చిపెట్టుకుపోయింది. ఇప్పటికీ అక్కడక్కడా తగులుతూనే ఉంది. దాని గుర్తు ఇలా ఉంటుంది: మూత పడబోయే వయసులో పిల్లపురుగు అరలో వెల్లకిలా చాచుకుని, తల పైకెత్తి పడవ ముక్కులా నిలబడి చచ్చిపోతుంది. ముత్యంలాంటి తెలుపు పోయి లేత పసుపు, తర్వాత గోధుమ రంగుకి తిరుగుతుంది. పట్టకారుతో తల పట్టి లేపితే చిన్న నీళ్ల సంచిలా చిరగకుండా పైకొస్తుంది. దీనికి మందు లేదు. ఆ పట్లు తీసేసి, రాణిని కొన్ని రోజులు బోనులో పెట్టి గుడ్లు ఆపి, కుటుంబానికి తేరుకునే సమయం ఇవ్వడమొక్కటే దారి. అందుకే ఫ్రేములు ఇచ్చిపుచ్చుకోవడం వెంటనే మానాలి.

తన పెట్టెలో ఇది కనబడ్డవాళ్లు చాలాసార్లు చెప్పరు. పరువు పోతుందని కొందరు, చీల్చిన కుటుంబం అమ్మాలని కొందరు. ఈ మౌనం మీదే నా బాధ. యలహంకలో ఒక ఫ్రేము ఫోటో తేదీతో సహా బయటికొస్తే ఆ వారమే కేఆర్ పురంలోనూ హెబ్బాళలోనూ నలుగురు తమ పెట్టెలు చూసుకుంటారు, కొనబోయేవాళ్లు ఆగుతారు. దాస్తే ఆ ఫ్రేమే ఊరంతా తిరుగుతుంది.

పద్దెనిమిదో శతాబ్దంలో జెనీవాలో ఫ్రాన్స్వా హ్యూబర్ అనే ఆయన చూపు పోయినవాడు. ఆయన దగ్గర పనిచేసే బర్నెన్స్ పెట్టె తెరిచి, చూసింది చూసినట్టు చెప్పేవాడు. హ్యూబర్ అడిగిన ప్రశ్నకి తగ్గట్టు మళ్లీ వెళ్లి చూసేవాడు. పుస్తకం పేజీల్లా తెరుచుకునే పెట్టె చేయించుకుని ఆ ఇద్దరూ రాబట్టిన సంగతులు 1792లో అచ్చయ్యాయి. రాణి పెట్టె బయట గాలిలోనే పోతుటీగలతో కలుస్తుందని ఆ జంట ప్రయోగాలు చేసి తేల్చింది. ఫోటో పంపేవాళ్లు బర్నెన్స్ లాగా ఉండాలి, చూసేవాళ్లు హ్యూబర్ లాగా అడగాలి. ‘సూపర్ బ్రో’ అన్న జవాబుతో ఏ పెట్టే బాగుపడదు.

ఒక జాగ్రత్త: పంపేముందు ఫోటోలోంచి లొకేషన్ తీసేయండి. పెట్టెలు ఎత్తుకుపోయేవాళ్లున్నారు. చెట్టు మీది పట్టు ఎక్కడుందో తెలిస్తే రాత్రికి కాగడా పట్టుకుని వచ్చేవాళ్లూ ఉన్నారు. ప్రాంతం పేరు, చుట్టూ పూస్తున్న చెట్లు రాస్తే చాలు. కానుగ ఎప్పుడు విరిసింది, నేరేడు ఎప్పుడు రాలింది, చింత పూత ఎలా ఉంది, ఇవే పక్క పేటవాళ్లకి పనికొచ్చే వివరాలు.

తేనె గురించి కొంచెమే. తీసినవాడు చెయ్యి నాకక మానడు, అందులో తప్పులేదు. కానీ పైన తేనె గది ఫ్రేముల్లోంచే, నాలుగింట మూడొంతులకి మూత పడ్డాకే తీయాలి. పిల్ల గదిలోది ఈగలది. తేమ 20 శాతం దాటితే నిబంధన ప్రకారం అది తేనెగా చెల్లదు, సీసాలో పులిసి నురగ కూడా కడుతుంది. సీసా ఫోటో పెట్టాలనిపిస్తే దానికి ముందు మూతలు పడ్డ ఫ్రేము ఫోటో ఒకటి జతచేయండి, చూసినవాళ్లకి నమ్మకం వస్తుంది. పూలు లేని రోజుల్లో కిలో చక్కెర లీటరు నీళ్లలో కరిగించి, చల్లార్చి, సాయంత్రం పూట, పెట్టె లోపలే, కొద్దికొద్దిగా పెట్టాలి. పుల్లలు వేయకపోతే అందులోనే మునిగి చస్తాయి. బయట పెడితే పక్క పెట్టె ఈగలు దోచుకోవడానికి దిగుతాయి. బజారు తేనె మాత్రం ఎప్పుడూ పెట్టకండి, ఎక్కడి జబ్బు ఎక్కడికో చేరుతుంది.

ఇవన్నీ చేసినా ఒక రోజు పెట్టె సగమో పూర్తిగానో ఖాళీగా ఉండొచ్చు. అప్పుడు కూడా ఫోన్ తీయండి. సగం ఈగలు మిగిలి, మూసిన పిల్లలు, అడుగు అంచున రాణి అరలు ఉంటే అది చీలిక, మిగిలినవాళ్లతో ఇల్లు నడుస్తుంది. పట్లు నున్నగా, గుడ్డు లేదు, చుక్క తేనె లేదు, పుప్పొడి లేదు అంటే తిండి లేక లేచిపోయాయి. రెట్ట, దారాలు ఉంటే కారణం చెప్పనక్కర్లేదు. ప్రతి ఫ్రేముని రెండు వైపులా తీసి, అదే రోజు ఆ పట్లు కోసి మైనం కరిగించేయండి, వదిలితే వారంలో పురుగుల పాలవుతాయి. ఫోటో కింద ఇలా రాస్తే చాలు: ‘పెట్టె 2, ఆగస్టు మొదటి వారం. చివరిసారి తెరిచింది ఇరవై రెండు రోజుల కిందట. అప్పుడు నాలుగు ఫ్రేముల్లో పిల్లలున్నాయి. చక్కెర నీళ్లు పెట్టలేదు.’